ఖాళీ గొట్టంలో ఊరు

నేను ముప్పై ఆరేళ్ళకే రిటైరయ్యాను. నా ఈడు వాళ్ళంతా ఉప్పల్‌లో షేర్ ఆటోలకు వేలాడుతూ పనికి పోతుంటే, నేను బాల్కనీలో దుప్పటి కప్పుకుని ఆవిరి పడుతుంటాను. కింద వాకింగ్ చేసే రైల్వే పెద్దాయన ఒకరు నన్ను సాటి పెన్షనర్ కింద జమకట్టి రోజూ చెయ్యి ఊపుతారు. నాకు పెన్షన్ లేదు. చెయ్యి ఊపడానికి అది అక్కర్లేదు కాబట్టి నేనూ ఊపుతాను.

కారణం వింటే నవ్వొస్తుంది. పదకొండేళ్ళు నాచారంలో ఒక ప్రయోగశాలలో పాత అడవుల పుప్పొడి, ఆకులు, బొగ్గు చూస్తూ బతికాను. వేల ఏళ్ళ నాటి పుప్పొడి నన్ను ఒక్క మాట అనలేదు. ల్యాబు పక్క ఖాళీ ప్లాటులో మొలిచిన వయ్యారిభామ పుప్పొడి మాత్రం ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. డాక్టరు "ఏం పని చేస్తుంటారు?" అని అడిగారు. చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి కిటికీ వైపు తిరిగారు. భుజాలు కదలడం నాకు కనబడింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎవరికి ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో ఇందులో ఉండదు. ఒక్క తప్పు గురించి ఉంటుంది. నాదే.

పని ఏమిటంటే

వానలు దండిగా పడే అడవిలో ఎక్కడో ఒక చిత్తడి గుంట ఉంటుంది. చుట్టూ ఉన్న చెట్ల ఆకులు, పుప్పొడి, ఎక్కడో మండిన మంట తాలూకు మసి అందులోకి పొర మీద పొరగా దిగుతాయి. గాలి ఆడని బురదలో అవి కుళ్ళకుండా పడుంటాయి. మేం ఇనప గొట్టం దించి ఆ బురదను కడ్డీలాగా పైకి లాగి, నాచారం తెచ్చి, వేలెడేసి ముక్కలు కోసి, జల్లెడపట్టి, కడిగి, మైక్రోస్కోపు కింద లెక్కపెడతాం. పై ముక్క నిన్న మొన్నటిది. అడుగు ముక్క, మనిషికి పొలం అనే ఆలోచన రాకముందుది. వాన ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు ముఖం చాటేసింది, మనిషి ఎప్పుడు నిప్పు పట్టుకుని వచ్చాడు, అన్నీ ఆ కడ్డీలో వరసగా ఉంటాయి.

గడ్డి జాతి మొక్కలు ఇంకో సాయం చేస్తాయి. నీళ్ళతోపాటు నేలలోని ఇసుక సారాన్ని తాగి, ఒంట్లో గాజురవ్వలుగా దాచుకుంటాయి. మొక్క కుళ్ళినా కాలినా రవ్వ పోదు. ఒక్కో మొక్కది ఒక్కో ఆకారం. వరిపొట్టు రవ్వకు రెండు మూపురాలుంటాయి. ఒకసారి చూసినవాడు మరిచిపోడు. గుర్తుపెట్టుకోండి, ఈ కథంతా ఆ రెండు మూపురాల మీదే నడుస్తుంది.

కడ్డీలను సగానికి చీల్చిన ప్లాస్టిక్ పైపుల్లో పడుకోబెట్టి, పలచటి కాగితం చుట్టి, చల్లటి గదిలో వరసగా పెడతాం. గిన్నెలూ గొట్టాలూ జల్లెడలూ కడిగే యాదమ్మ ఆ గదిలోకి ఒక్కసారే వచ్చింది.

"ఏంది సారూ, పీనుగుల లెక్క పండవెట్టిన్రు?"

"బురద యాదమ్మా, ఉత్త బురద."

"ఉత్త బురదకు ఏసీ ఎందుకు మరి?" అని తలుపు దగ్గర్నుంచే వెనక్కి పోయింది. పదకొండేళ్ళలో నన్ను ఇంత సరైన ప్రశ్న అడిగినవాళ్ళు తక్కువ.

అగ్గిపెట్టె రాయి

మా బాసు విశాలాక్షి మేడంది తెనాలి. ఆవిడ గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. గొంతు తగ్గిస్తే మాత్రం పారిపోవాలనిపించేది.

పడమటి కనుమల్లో కొండ మీద పదకొండు ఇళ్ళ ఊరొకటి ఉంది. ఆ అడవి మనిషి చెయ్యి పడనిదనీ, ఈ జనం నిన్న మొన్న గొడ్డళ్ళతో ఎక్కివచ్చారనీ ఎవరో నిపుణుడు నివేదిక రాశాడు. అది నిలబడితే పదకొండు ఇళ్ళూ కిందికి దిగాలి. విచారణకు తేదీ పడింది. ఊరివాళ్ళ దగ్గర కాగితం ముక్క లేదు. బురదను అడిగి చూద్దామన్నారు మేడం.

మమ్మల్ని గుంట దగ్గరికి తీసుకుపోయినవాడు మల్లప్ప, ఊరి పెద్ద. కుర్రతనంలో బళ్ళారి వైపు తెలుగు మేస్త్రీల దగ్గర గోడలు కట్టాడు, అలా తెలుగు వచ్చింది. పట్టపగలే చీకటిగా ఉంది. చెట్లు ఎంత దగ్గరగా ఉన్నాయంటే వాన ఆగిపోయిన గంటకు కూడా పైనుంచి చుక్కలు దిగుతూనే ఉన్నాయి. గుంట ఇంకా నూరు అడుగులుందనగా మోకాలెత్తు రాయి ఒకటి వచ్చింది. మల్లప్ప ఆగి, చెప్పులు విడిచి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి రాయి మీద పెట్టాడు. తర్వాత మా వైపు చెయ్యి చాచాడు.

"అగ్గి ఉంటే ఈడ పెట్టండి సార్."

తాడు కొసలు కాల్చడానికి నా దగ్గర లైటరుంది. మేడం సంచిలో దోమల చుట్టలకని అగ్గిపెట్టె ఉంది. రెండూ రాయి మీదికి పోయాయి.

"ఎయిర్‌పోర్టు చెకింగ్ అయిపోయిందా?" అన్నాను.

మల్లప్ప నవ్వలేదు. మాతో లోపలికి కూడా రాలేదు. మేం గుంటలో నడుము లోతున దిగి గొట్టం లాగుతున్నంతసేపూ ఆ రాయి దాటకుండా బయటే నిలబడి ఉన్నాడు. పక్షి కూడా అరవలేదు. గొట్టం పైకి వచ్చేటప్పుడు గుంట ఊపిరి పీల్చుకున్నట్టు చప్పుడు చేస్తుంది. వట్టి గాలి. ఎన్నిసార్లు విన్నా మెడ వెనక వెంట్రుకలకు మాత్రం ఆ సంగతి తెలియదు.

నోటుబుక్కులో బురద రంగు, లోతు, వాన, జలగలు అన్నీ రాశాను. రాయి సంగతి రాయలేదు. అది సైన్సు కాదనుకున్నాను.

మా వాళ్ళు కనబడినారా

ఆ తర్వాత ప్రతి సోమవారం మల్లప్ప ఫోను చేసేవాడు. కొండ దిగి, సిగ్నలున్న మలుపు దాకా వచ్చి మరీ చేసేవాడు. ఒకటే ప్రశ్న.

"సార్, మా వాళ్ళు కనబడినారా?"

మొదటిసారి ఏదో తప్పిపోయిన కేసు అనుకున్నాను. తర్వాత అర్థమైంది, బురదలో వాళ్ళ పెద్దలు కనబడ్డారా అని. ఇంట్లో ఎవరైనా ఊరినుంచి దిగారా అని అడిగినట్టే అడిగేవాడు.

కడ్డీ పై సగం పూర్తయ్యేసరికి కనబడ్డారు. రెండు మూపురాలు. ఒక ముక్కలో కాదు, ప్రతి ముక్కలో. వాటితోపాటు నల్లటి బొగ్గు పలుకులు. మంట, వరి, మనుషులు. మేడం రెండుసార్లు చూసి, విచారణకు ఉత్తరం రాయడం మొదలుపెట్టారు.

ఆ సోమవారం నేను చాలా హుషారుగా ఉన్నాను. "కనబడ్డారు మల్లప్పా! వడ్లు దంచుకుంటున్నారు."

"వడ్లా?"

"అవును."

"కొండ మీద మా వాళ్ళవి రాగులు కదా సార్."

"పాతకాలంలో వరి ఉండేదేమోలే," అన్నాను. తన తాతల వంటింటి గురించి అతనికి నాచారం నుంచి పాఠం చెప్పాను. అతను "సరే సార్, చదువుకున్నోళ్ళు" అని ఫోను పెట్టేశాడు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఆ "సరే సార్" ఎక్కడ వినిపించినా ఆగి, మళ్ళీ అడగండి.

అడుగు ముక్క

గురువారం మధ్యాహ్నం. మేడం గదిలో ఉత్తరం ప్రింటు తీసి ఉంది, సంతకం ఒక్కటే మిగిలింది. పక్క ఫ్యాక్టరీ నుంచి ఎప్పటిలాగే మాడిన చక్కెర వాసన. మిగిలిన కింది సగం స్లైడ్లు తీరిగ్గా చూస్తున్నాను. చిట్టచివరి ముక్క పెట్టాను.

రెండు మూపురాలు.

ఆ లోతులో వరి పండించినవాడు లేడు. అక్కడే కాదు, ఎక్కడా లేడు. అయినా ఉంది, బొగ్గుతో సహా. పైనుంచి కిందిదాకా లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాను. ఎక్కడా తేడా లేదు. వాన పెరిగినా తగ్గినా, చెట్లు మారినా, వీళ్ళు మారలేదు. అదే పొయ్యి, అదే కూడు, వేల ఏళ్ళు, ఒక్క పూట తప్పకుండా. మనుషులన్నాక ఒక కరువుంటుంది, ఒక వలసుంటుంది. వీళ్ళకు చావు కూడా ఉన్నట్టు లేదు. నేను కళ్ళు మైక్రోస్కోపు నుంచి తీసి వెనక్కి చూశాను. ఎందుకు చూశానో చెప్పలేను. వెనక ఫ్రిజ్ ఉంది.

అప్పుడు ఖాళీ గొట్టం గుర్తొచ్చింది.

ల్యాబులో ప్రతి విడతలో బురద ముక్కలు వేసిన గాజు గొట్టాలతోపాటు ఒక ఖాళీ గొట్టం కూడా నడపాలి. అందులో బురద ఉండదు, శుభ్రమైన నీళ్ళు మాత్రమే. దాన్నీ అన్నిటితోపాటే జల్లెడపట్టి, కడిగి, స్లైడు చేసి చూడాలి. అందులో ఏమీ ఉండకూడదు. నేను స్లైడు చేసేవాణ్ణి, పేరు రాసేవాణ్ణి, రిజిస్టర్లో "ఖాళీ" అని నింపేవాణ్ణి. చూసేవాణ్ణి కాదు. పది నెలలుగా. ఏమీ లేనిదాన్ని కూర్చుని చూడటానికి నాకేం పనిలేదా అనుకున్నాను.

ఖాళీ గొట్టం స్లైడ్లు దాచిన డబ్బాలోంచి ఒకటి తీసి పెట్టాను. అందులో ఒక ఊరుంది. వరి ఉంది, బొగ్గు ఉంది. అడవి లేదు, గుంట లేదు, ఒక్క చెట్టు పుప్పొడి లేదు. ఉత్త పొయ్యి, ఉత్త వడ్లు. ఇంకోటి తీశాను. అదే ఊరు. వరసగా పద్నాలుగు తీశాను. ఇన్నాళ్ళూ ఆ డబ్బాలో, నా మోచేతి పక్కన, అన్నం వండుకుంటూనే ఉన్నారు.

లేచి కడిగే గదికి పోయాను. యాదమ్మ పీట మీద కూర్చుని మా సన్నకన్ను ఇత్తడి జల్లెడను కొబ్బరిపీచుతో తోముతోంది. పక్కన డాల్డా డబ్బాలో నల్లబూడిద.

"యాదమ్మా, ఇదేంది?"

"బూడిద సారూ. సూడు, జల్లెడ అద్దం లెక్క మెరుస్తలేదా?"

"బూడిద ఎక్కడిది?"

"మా రామంతాపూర్‌ల మురమురాల బట్టీ ఉన్నది గద, ఊక మంట పెడ్తరు. మస్తు మెత్తగుంటది ఆ బూడిద."

ఊక. వరిపొట్టు. పోనీ చింతమొద్దు బూడిద తెచ్చినా బాగుండేది.

"ఎప్పట్నుంచి తోముతున్నవ్?"

ఆమె చెయ్యి ఆగింది. "మీరే గద సబ్బు వద్దన్నది? నురగ స్లైడ్లల్ల కనవడుతున్నది, సబ్బు తప్ప ఏదన్న వెట్టి తోము అన్నరు. నేనేం తప్పు జేసిన సారూ?"

అన్నాను. పది నెలల కింద, తలుపు దగ్గర నిలబడి, ఫోను చూసుకుంటూ అన్నాను.

"నువ్వేం తప్పు చెయ్యలె," అన్నాను.

"నౌకరి తీస్తరా?"

"తీస్తే ముందు నాది తీయాలె."

"నీది తీస్తే నాకేమొస్తది సారూ," అంది యాదమ్మ. న్యాయమే.

మేడం గొంతు తగ్గించారు

చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఇది దాచిపెట్టి రాస్తే ఈ రాత దండగ. అడుగు స్లైడ్లు పారేసి, పై సగం మాత్రం చూపిస్తే ఉత్తరం నిలబడేది. పదకొండు ఇళ్ళూ నిలబడేవి. మంచిపనే కదా అని నాకు నేను చెప్పుకుంటూ వరండాలో మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను. నాలుగోసారి దగ్గు వచ్చింది. దగ్గుతూ అబద్ధం ఆలోచించడం కష్టం. లోపలికి పోయి, ఖాళీ గొట్టం స్లైడు మేడం మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఆవిడ చాలాసేపు చూశారు.

"రిజిస్టర్లో ఖాళీ అని రాశావు కదయ్యా."

"చూడకుండా రాశాను మేడం. రాజీనామా ఇస్తాను."

"నాటకాలొద్దు, కూర్చో. రాజీనామా ఇస్తే ఈ జల్లెడలు మళ్ళీ ఎవరు కడిగిస్తారు?" ఆవిడ గొంతు ఫ్యాను చప్పుడు కంటే కిందికి దిగింది. "సంతకం నేను పెట్టబోయాను. కడిగే గదిలోకి నేనెప్పుడు వెళ్ళానో నాకే గుర్తులేదు."

ఉత్తరం నిలువునా చింపి బుట్టలో వేసి, విచారణ చేసే అధికారికి ఫోను చేశారు. మొన్న ఫోనులో చెప్పిన మా ఫలితం తప్పు, వెనక్కి తీసుకుంటున్నాం, నెల గడువు ఇవ్వండి అన్నారు. అవతలాయన ఏమన్నారో వినబడలేదు. మేడం చెవి ఎర్రబడటం కనబడింది. గడువు మాత్రం ఇచ్చారు.

కొత్త జల్లెడలతో మొదటినుంచీ మళ్ళీ చేశాం. వరి పోయింది. కంటికి కనబడే బొగ్గు పలుకులూ పోయాయి. మిగిలింది ఎక్కడో దూరాన కాలిన మంటల నుంచి గాలికి వచ్చే సన్నటి మసి. గుంట అంచున ఎవరూ ఎన్నడూ నిప్పు వెయ్యలేదు. ఎవరూ లేరు. నివేదిక రాసిన ఆ నిపుణుడు చెప్పిందే నిజమన్నట్టుంది.

సోమవారం ఫోను మోగింది.

"సార్, ఊళ్ళో అందరికీ చెప్పినాను, మా వాళ్ళు కనబడినారని."

"మల్లప్పా, నాదే తప్పు. ఆ వరి మా జల్లెడ కడిగిన బూడిదలోది. గుంటలో ఎవరూ కనబడలేదు."

కోపం వస్తుందని ఫోను కొంచెం దూరంగా పెట్టుకున్నాను. అతను నిమ్మళంగా అన్నాడు: "గుంటలో ఎట్ల కనబడతారు సార్? మీలాంటోళ్ళయినా అగ్గి రాయి మీద పెట్టేసి కదా పోవాల. మేమే రాయి దాటము. మా పెద్దోళ్ళు దాటుతారా?"

"మరి మొదట్లోనే ఎందుకు చెప్పలేదు?"

"మీ చేత లైటరు పెట్టించినాను కదా. ఇంకెట్ల చెప్పేది?"

రాయికి ఇవతల, అవతల

నెలలో పదిరోజులు మిగిలుండగా మళ్ళీ కొండెక్కాం. ఈసారి గుంట జోలికి పోలేదు. రాయికి ఇవతల, ఊరి వైపు మూడు గోతులు, అవతల, గుంట వైపు పది అడుగుల లోపల మూడు గోతులు తవ్వాలని మేడం నిర్ణయం. ఒకే వాలు, ఒకే మట్టి, ఒకే వాన. తడి వల్ల లోపల కాలలేదని రేపు ఎవరూ అనకూడదు కదా. మల్లప్ప చాలాసేపు ఆలోచించి, లోపలి గోతులకు ఇనుము వాడొద్దన్నాడు. మేడం వెదురు కర్రతో, చేతులతో తవ్వారు. యాభై ఐదేళ్ళ మనిషి మోకాళ్ళ మీద. నేను దగ్గుతూ మట్టి సంచుల్లో నింపాను. అదే నా చివరి అడవి అని డాక్టరుకు అప్పటికే తెలుసు, నాకే చెప్పలేదు.

ఇవతలి గోతుల్లో మోచేయి లోతు దాకా బొగ్గు పొరలు. పొర, ఎర్రమట్టి, మళ్ళీ పొర. అవతలి గోతులు పైనుంచి కిందిదాకా గోధుమరంగు. రాయి పక్కన నిలబడి రెండువైపులా చూస్తే ఎవరో తాడు పట్టి గీత గీసినట్టుంది. కార్చిచ్చు గీత చూసి ఆగదు, మనిషే ఆగుతాడు.

సస్పెన్సు కూడా నాకు పడదు, అందుకని ఇక్కడే చెప్పేస్తున్నాను: ఆ ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఇవతలి మట్టిలో రాగుల పొట్టు రవ్వలు దొరికాయి. అడుగు పొర బొగ్గు వయసు లెక్కకట్టించాం, మల్లప్ప తాతల తాతల కంటే చాలా పాతది. మేడం ఉత్తరంలో మొదటి పేజీ మా తప్పు గురించే ఉంది, బూడిద డబ్బాతో సహా. ఆ పేజీ తీసేద్దామని నేనన్నాను. అది ఉంటేనే రెండో పేజీ నమ్ముతారన్నారు ఆవిడ. నమ్మారు. "మనిషి చెయ్యి పడని" అన్న మాటను నివేదికలోంచి కొట్టేశారు, దిగిపొమ్మన్న నోటీసు వెనక్కి పోయింది.

కొత్తవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఖాళీ గొట్టాన్ని అన్నిటికంటే ముందు చూడండి. గిన్నెలు ఎవరు కడుగుతున్నారో, దేంతో కడుగుతున్నారో, వారానికోసారి అక్కడ పీట వేసుకుని కూర్చోండి. యాదమ్మకు ఆ తర్వాత మేడం తనే మైక్రోస్కోపులో ఆ రవ్వను చూపించారు. ఆమె చూసి, "గింత చిన్నదానికి గింత లొల్లా?" అంది. అప్పటినుంచి జల్లెడ వెలుగుకు పెట్టి చూడకుండా ఎవరి చేతికీ ఇవ్వలేదు, మేడంకు కూడా.

చివరి విడత స్లైడ్లు చూస్తున్న సోమవారం ఫోను మోగింది. ఖాళీ గొట్టం అప్పటికే చూసేశాను. మైక్రోస్కోపు కింద రాయికి అవతలి మట్టి ఉంది.

"సార్, మా వాళ్ళు కనబడినారా?"

"కనబడ్డారు మల్లప్పా. రాగులు తెచ్చుకున్నారు, మంట వేసుకున్నారు. రాయి దాకా వచ్చారు."

"ఆమీద?"

స్లైడు ఆ కొసనుంచి ఈ కొసకు జరిపాను. చెట్లు, చెట్లు, చెట్లు.

"ఆమీద లేరు."

"ఉండరు," అన్నాడు మల్లప్ప. గాలి చప్పుడు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి అన్నాడు: "ఆ పక్క ఉండేవాళ్ళు మీ అద్దంలో కనబడరులే సార్. వెతకొద్దు."

నవ్వాను. ఫోను పెట్టేశాను. మిగిలిన స్లైడ్లు చూసే ముందు, దేనికైనా మంచిదని, ఖాళీ గొట్టాన్ని మళ్ళీ ఒకసారి పెట్టి చూశాను. ఖాళీగానే ఉంది.